ఇద్దరు విలుకాళ్ళు, ఒక మాటు గుడారం

పొలంలో మంచె, అడవిలో మాటు. మంచె పైకెక్కి కాపలా కాసేది, మాటు నేల మీద దాక్కునేది. అమెరికాలో విల్లుతో జింకల్ని వేటాడేవాళ్ళు వాడే 'గ్రౌండ్ బ్లైండ్' అచ్చంగా ఈ రెండోదే. కాకపోతే గుడ్డతో కుట్టి, సంచిలో మడిచి భుజాన వేసుకుని పోయేలా చేశారు. అందుకే దీన్ని మాటు గుడారం అంటాను. మన క్లబ్‌లో ఎవరికైనా ఇంకా మంచి మాట తడితే చెప్పండి.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట ముచ్చట ప్రబంధాల్లోనే మిగిలింది. ఇక్కడ ఇలాంటి గుడారాలు కనిపిస్తే గిస్తే పక్షుల ఫోటోలు తీసేవాళ్ళ దగ్గరే. విస్కాన్సిన్‌లో అలా కాదు. లైసెన్సు తీసుకుంటే సెప్టెంబర్ మధ్య నుంచి జనవరి మొదటి దాకా విల్లుతో జింకల వేట చట్టబద్ధం. అక్కడున్న మా పెద్దమ్మ కొడుకు, ఆఫీసులో తన ఫ్రెండ్ కలిసి ఈ ఏడాది మొదలుపెడుతున్నారు. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు మెకానికల్ కదా, ఇద్దరం కూర్చోవాలి, నాలుగేళ్ళు ఆగాలి, ఏది కొనాలో చూసి చెప్పు" అని నాలుగు లింకులు పంపాడు. వేట మంచిదా చెడ్డదా అన్న డిబేట్ ఇంకో రోజు పెట్టుకుందాం. నా వరకు ఒక్కటే లెక్క. వేసే బాణం సరిగ్గా పడాలి, జింక గాయంతో పారిపోయి ఎక్కడో రెండు రోజులు నరకం పడకూడదు. గుడారం ఎంపికకి, దీనికి సంబంధం ఉంది.

ముందు చోటు సంగతి. అట్టపెట్టె మీద 'ముగ్గురికి' అని ఉంటుంది. ఆ ముగ్గురూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారన్న లెక్క అది. విల్లు లాగేవాడికి అంత తక్కువ చోటు చాలదు. మామూలు ఎత్తున్న మనిషి బాణాన్ని 28 అంగుళాల దాకా లాగుతాడు. లాగిన చేతి మోచెయ్యి ఇంకా వెనక్కి పోతుంది. విల్లు ముందు భాగం నుంచి మోచేతి దాకా దాదాపు 4 అడుగులు. పైగా విల్లు కిటికీలోంచి బయటికి పొడుచుకు రాకూడదు కాబట్టి గోడకి కాస్త వెనక్కి జరగాలి. అందుకని విల్లుతో వెళ్ళేవాళ్ళు పెట్టె మీద అంకెలోంచి ఒకటి తీసేసి చదువుకోవాలి. ముగ్గురికి అంటే ఇద్దరికి, ఇద్దరికి అంటే ఒక్కడికి.

ఇంకో తిరకాసు కొలతల్లో ఉంది. '77 అంగుళాలు' అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. అది ఎదురెదురు గోడల మధ్యలో ఉబ్బిన మొనల మధ్య దూరం. నేల మీద చతురస్రం దానికంటే బాగా చిన్నది, 60 అంగుళాల దగ్గర ఉంటుంది. కుర్చీ వేసేది నేల మీదే కదా! నేను హాస్టల్ రూంలో టేపుతో 60 అంగుళాల చతురస్రం గీసి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, రూమ్మేట్ చేతికి చీపురు కర్ర ఇచ్చి విల్లు లాగుతున్నట్టు కూర్చోబెట్టాను. వాడి మోచేతి దారిలో నా ముక్కు ఉంది. కుర్చీని పక్కకి, అరడుగు ముందుకి జరిపితేనే ఇద్దరం బతికాం. నేల కొలత 70 అంగుళాలు దాటితే ఈ గొడవ లేదు. అన్నయ్యని కూడా వాళ్ళ హాల్లో ఇదే చేసి చూడమన్నాను, బాణం లేకుండా లాగి వదలొద్దని మరీ మరీ చెప్పి. ఖాళీగా వదిలితే ఆ శక్తంతా విల్లుకే తగిలి విరగొచ్చు.

కిటికీ ఎత్తు మీద చాలామంది దృష్టి పెట్టరు, నా దృష్టిలో అసలు ప్రమాదం అక్కడే. కన్ను పైన, బాణం కింద. రెండింటి మధ్య 4, 5 అంగుళాల తేడా ఉంటుంది. కంటికి జింక శుభ్రంగా కనిపిస్తుంది, బాణం మాత్రం కిటికీ కింది అంచుకి రాసుకుని దారి తప్పుతుంది. గాయపడిన జింక కథలు ఇలాగే మొదలవుతాయి. కూర్చునే కుర్చీ ఎత్తు, కిటికీ అంచు ఎత్తు కలిపి చూసుకోకుండా గుడారం కొనకూడదు. కొన్నిటికి కిటికీలో వల ఉంటుంది, దాంట్లోంచే బాణం వేయొచ్చంటారు. కదలని రేకుల ములికి అయితేనే ఆ మాట నిజం. తగిలాక విచ్చుకునే రకం ములికి వలకే విచ్చుకుంటుంది. కిటికీ మూత వెల్క్రో అయితే అసలు వద్దు, ఆ పర్రుమనే చప్పుడుకి జింక పక్క ఊళ్ళో తేలుతుంది. కొక్కేలో, అయస్కాంతాలో ఉన్నవి నయం.

ఇప్పుడు మన సబ్జెక్టు. ఈ గుడారం ఎలా నిలబడుతుంది? ఒక్కో గోడకి మధ్యలో ఒక బొడిపె, దాన్నుంచి నాలుగు మూలలకి నాలుగు ఫైబర్‌గ్లాస్ కడ్డీలు. నాలుగు గోడలు, ఒక కప్పు, మొత్తం ఐదు బొడిపెలు. ఎదురెదురు మూలల మధ్య గుడ్డ పొడవు కంటే రెండు కడ్డీల మొత్తం పొడవు కాస్త ఎక్కువ పెడతారు. కాబట్టి బొడిపె గోడ తలంలో ఉండలేదు, లోపలికైనా పోవాలి, బయటికైనా రావాలి. మధ్యలో కడ్డీలు బాగా వంగి అడ్డుపడతాయి, అది దాటగానే టక్‌మని అవతలికి దూకుతుంది. ఆడపిల్లల టిక్‌టాక్ క్లిప్పు పనిచేసేది ఇలాగే. బకిలింగ్ చాప్టర్‌లో మనం తిట్టుకున్నదే ఇక్కడ గోడని నిలబెడుతోంది. చూడబోతే విలుకాళ్ళ గుడారం కూడా విల్లులే.

అందుకే గుడ్డ కంటే ముందు ఈ కీళ్ళు చూడాలి. ప్రకటనలన్నీ 300 డెనియర్, 600 డెనియర్ అని గుడ్డ గురించే అరుస్తాయి. 600 డెనియర్ అంటే 9,000 మీటర్ల నూలు 600 గ్రాములు తూగుతుందని, అంతే. నేత ఎంత దగ్గరగా ఉందో, పూత ఎంత మందమో అది చెప్పదు. నిజంగా తెగేది కడ్డీ కొన గుచ్చుకునే మూల సంచి, బొడిపెలో కడ్డీ కూర్చునే గూడు, తలుపు జిప్పు. కడ్డీ మందం 8 మిల్లీమీటర్ల నుంచి 11కి పెరిగితే గట్టిదనం నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే మూడున్నర రెట్లు. కానీ ఆ బలమంతా పడేది బొడిపె మీదే. లావు కడ్డీకి ప్లాస్టిక్ బొడిపె ఉంటే డిసెంబర్ చలికి పెళుసెక్కి పగిలేది అదే. లోహపు బొడిపె, మూలల్లో రెండు పొరల కుట్టు, ఆ తర్వాతే డెనియర్. గుడ్డలో నైలాన్ కంటే పాలిస్టర్ మేలు, తడిస్తే సాగిపోదు, ఎండకి కాస్త ఎక్కువ ఆగుతుంది.

గాలి లెక్క కూడా వేశాను. గోడ వైశాల్యం 3 చదరపు మీటర్లు అనుకుందాం. గంటకి 50 కిలోమీటర్ల గాలి వస్తే దాదాపు 400 న్యూటన్లు, అంటే 40 కిలోల తోపు. గుడారం బరువేమో 10 కిలోల చుట్టూ. గాలి 70కి పెరిగితే తోపు రెట్టింపు. పెట్టెలో ఇచ్చే సన్న మేకులు దీనికి చాలవు. పొడుగాటి మేకులు విడిగా కొని, గోడ బొడిపెలన్నిటికీ తాళ్ళు కట్టాల్సిందే. మంచు పడితే ఇంకో కథ. కప్పు బొడిపె మీద బరువు పేరుకుని లోపలికి టక్‌మంటే కడ్డీలు విరుగుతాయి. మంచు కురిసే రోజుల్లో దాన్ని వదిలి ఇంటికి రాకూడదు.

లోపల నల్లగా ఎందుకుంటుందని అన్నయ్య అడిగాడు. బయట వెలుగు, లోపల చీకటి ఉంటేనే మనం జింకకి కనపడం. పగలు కిటికీ తెరలోంచి ఇంట్లోకి కనపడనట్టే. ఈమధ్య గోడలన్నీ లోపల్నుంచి కనపడే గుడ్డతో వస్తున్నాయి. చూడటానికి భలే ఉంటుంది గానీ, వెనక గోడ నుంచి కూడా వెలుగు వస్తే ఇద్దరూ నీడబొమ్మల్లా తేలిపోతారు. వెనక రెండు గోడలు మూసుకుని, నల్ల చొక్కాలు వేసుకుని కూర్చోవాలి.

చివరికి నేను చెప్పింది పెద్ద నేల కొలత, లోహపు బొడిపెలు, ముందు వైపు మాత్రమే పారదర్శక గోడ ఉన్నది. 100 డాలర్ల లోపు రకాలు వద్దన్నాను. ఇద్దరూ పంచుకుంటారు కాబట్టి ధర మరీ భారం కాదు. నవంబర్‌లో తుపాకీ సీజన్ తొమ్మిది రోజులు రాష్ట్ర సహజ వనరుల శాఖ భూమిలో గుడారం పెడితే, అన్ని వైపుల నుంచీ కనపడేలా 144 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగో, గులాబీ రంగో ఉండాలని విస్కాన్సిన్ రూలు. ఆ గుడ్డ కూడా ఇప్పుడే కొనుక్కోమన్నాను. వేటకి కొన్ని వారాల ముందే తెలిసినవాళ్ళ సొంత పొలంలో వేసి, చుట్టూ అక్కడి కొమ్మలే కట్టి ఉంచితే కొత్త పూత వాసన పోతుంది, జింకలకీ అలవాటవుతుంది. సీజన్ అయ్యాక పూర్తిగా ఆరబెట్టి, ఎలుకలు చేరని చోట వేలాడదీయాలి. తడిగా మడిస్తే వచ్చే ఏడాదికి బూజు పట్టిన సంచీ మిగులుతుంది.