కొండమీది జిల్లా పట్టణము: పాడేరు

2022 ఏప్రిలు 4వ తేదీని మన రాష్ట్రమున జిల్లాలను పునర్విభజించినపుడు మా తిరువూరు రెవిన్యూ డివిజనుకు ముఖ్యస్థానమైనది. ఆ దినముననే విశాఖ మన్యమందలి పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఒక్కనాడే పెద్దఱికము వచ్చిన యూళ్లు గదా, తోబుట్టువును చూచినట్లు చూచివత్తమని మాఘమాసపు చివర మేము నలుగురము స్త్రీలము బయలుదేఱితిమి.

బెజవాడలో రైలెక్కి, అనకాపల్లిలో దిగి, చోడవరము మీదుగా మాడుగుల చేరితిమి. గోధుమపాలతో నేతిలో వండు మాడుగుల హల్వా పేరు మీరును వినియుందురు; ఒక పెద్ద పొట్లము కొంటిమి. అటుపిమ్మట ఘాటుదారి. మలుపు మలుపునకును గాలి చల్లబడుచుండును. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున, కొండల నడుమ పాడేరున్నది.

పట్టణము చూడ చిన్నదే. కలెక్టరు కచేరి, ఐ.టి.డి.ఏ. కార్యాలయము, జిల్లా ఆసుపత్రి, 2024లో ఆరంభమైన వైద్యకళాశాల, మోదకొండమ్మవారి గుడి. చల్లదనమునకు మురిసి, "ఇచ్చట నొక యిల్లు కట్టుకొన్న నెంత బాగుండును!" అని మాలో నొకరు ముచ్చటపడిరి. అది కాని పని. 1959 నాటి భూమి బదలాయింపు నిబంధనలను 1970లో సవరించి, మన్యమున గిరిజనేతరులు భూమి కొనరాదని శాసించిరి. అంతకుముందు ఉప్పుక్రింద, బట్టక్రింద, వడ్డీక్రింద చేజారిన పొలములెన్నియో! మా ముచ్చట తీరకపోయినను శాసనము న్యాయమైనదే.

మా మనస్సు నిలిచినది సంతలో. భగత, కొండదొర, వాల్మీకి, కోందు తెగల స్త్రీలు తెల్లవాఱకముందే నడిచివచ్చి బుట్టలు దింపుదురు. పసుపు, అల్లము, మిరియములు, రాజ్‌మా గింజలు, చీపుళ్లు, అడ్డాకుల కట్టలు. ఒకరి యింటిభాష కువి, ఒకరిది కుపియా, మఱియొకరిది ఆదివాసీ ఒడియా. బేరము మాత్రము తెలుగున. విందు ముగిసి విస్తరి యెత్తి పాఱవైచునపుడు, ఆ యాకును అడవిలో కోసి, యెండబెట్టి, కట్టగట్టిన చేతులను మన మెన్నడైన తలచితిమా?

పసుపుకొమ్ముల బుట్టముందర నొక ముసలమ్మ కూర్చున్నది. దుంప త్రవ్వి, కడిగి, యుడికించి, దినముల తరబడి యెండబెట్టి, రాపాడించి మెఱుగుపెట్టినగాని కొమ్ము సంతకు రాదు. మాలో నొకరు అలవాటు చొప్పున కిలోకు పది రూపాయలు తగ్గింపుమనిరి. ముసలమ్మ నవ్వి యూరకున్నది. ఆశ్రమ పాఠశాలనుండి సెలవునకు వచ్చిన మనుమరాలు వ్రేళ్లు మడిచి లెక్కచెప్పినది: "జీపుకు పోను, ఉప్పుకు పోను, నూనెకు పోను, ఇంక మాకేం మిగుల్తుందమ్మా?" అడిగిన ధర యిచ్చి తలవంచుకొంటిమి.

షావుకారుల దోపిడినుండి వీరిని కాపాడుటకే 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడినది. అటవీఫలములను కొనుట, డిపోలలో నిత్యావసరవస్తువులు అమ్ముట దాని పని. ఐనను సంతలో దళారుల కాటాలు లేకపోలేదు. మా తిరువూరి మామిడితోటలవారికి ఈ కథ క్రొత్త గాదు.

ఇక కాఫీ. సిల్వరు ఓకు చెట్లనీడను పెరిగిన పండ్లను స్త్రీలే యొక్కొక్కటిగా కోయుదురు. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. "మఱి నీవు త్రాగుదువా?" యని ముసలమ్మ నడిగించితిమి. "మాకు చోడి అంబలే బలం" అని జవాబు.

మన్యమున బాటలేని గూడెములు ఇప్పటికిని కలవు. నొప్పులు వచ్చిన స్త్రీని డోలీలో మోసికొనివచ్చు దినములు గతింపలేదు. పాడేరు జిల్లా పట్టణమై, ఆసుపత్రి పెరిగినందున విశాఖపట్టణము దాక పోవు బాధ కొంత తగ్గియుండవచ్చును. గూడెమునుండి బాటదాకగల ఆ మొదటి మైళ్లో? ఈ మాటలు విని బాలిక, "మా అమ్మ నన్ను డోలీలోనే కన్నదంట" అని, అందేమి వింత యన్నట్లు చెప్పినది.

ప్రొద్దు వాలకముందే ముసలమ్మ ఉప్పును, ఎండుచేపలను, రెండు నోటుపుస్తకములను బుట్టలో సర్దుకొన్నది. మేము హల్వాలో సగము బాలికచేతిలో పెట్టితిమి. ఆమె వాసన చూచి, తినక, బుట్ట యడుగున దాచినది. జీపు బాట చివరివఱకే పోవునట. అచ్చటినుండి రెండు గంటల నడక.