మీకు తెలుసా? నెట్ పోయింది సరే, ఎక్కడ పోయింది?

"నెట్ రావట్లేదు" అని రోజూ అంటూనే ఉంటాం. ఆ మాటలో అసలు సంగతి మాత్రం ఉండదు. ఆగింది మన కంప్యూటర్‌లోనా, గోడకున్న రౌటర్‌లోనా, వీధి స్తంభం మీదా, సముద్రం అవతలా? దీనికి జవాబు చెప్పే పనిముట్లు పైసా ఖర్చు లేకుండా మొదటి రోజు నుంచీ మీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. విండోస్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ అని టైప్ చేస్తే ఒక నల్ల తెర వస్తుంది. చాలామంది దాన్ని చూడగానే జంకి మూసేస్తారు. నెట్ గురించి అంత నిక్కచ్చిగా మాట్లాడే చోటు కంప్యూటర్ మొత్తంలో మరొకటి లేదు.

వెయ్యి లైన్ల పింగ్

ఆ పనిముట్లలో మొదటిది పింగ్. 1983 డిసెంబరులో, అమెరికాలోని మేరీల్యాండ్‌లో సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో నెట్‌వర్క్ మొరాయించింది. అక్కడ పనిచేసే మైక్ మ్యూస్‌కి అంతకు కొన్ని నెలల ముందు నార్వేలో జరిగిన సమావేశంలో డేవిడ్ మిల్స్ అనే నెట్‌వర్క్ నిపుణుడు చెప్పిన మాట గుర్తొచ్చింది. అవతలి యంత్రానికి చిన్న ప్యాకెట్, అంటే కొద్దిపాటి డేటా, పంపి, అది తిరిగొచ్చేదాకా ఎంతసేపు పట్టిందో కొలవడం. మ్యూస్ ఆ పూటే కూర్చుని వెయ్యి లైన్ల ప్రోగ్రామ్ రాశాడు. తీరా మొదటి ప్యాకెట్ పంపేలోపే చెడిన పరికరాన్ని ఎవరో బాగుచేసేశారు. అయినా ఆ ప్రోగ్రామ్ నిలిచిపోయింది. దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఇవాళ అది ఉంది.

పింగ్ అనే పేరు జలాంతర్గాముల సోనార్ నుంచి వచ్చింది. నీటిలోకి శబ్దాన్ని వదిలి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి ఎదురుగా ఏముందో తెలుసుకునే పద్ధతి అది. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లొచ్చినవాళ్లకు సోనార్ కొత్త మాటేం కాదు. మ్యూస్ 2000 నవంబరులో రోడ్డు ప్రమాదంలో పోయాడు. నెట్‌వర్క్ పని చేసే ప్రతివాడూ రోజుకు పదిసార్లు ఆయన ప్రోగ్రామ్ పేరు పలుకుతాడు, ఆయన పేరు మాత్రం కొద్దిమందికే తెలుసు. అందుకే ఆయన కథ ముందు చెప్పాను.

ఆ ప్యాకెట్‌లో ఏముంటుంది?

విండోస్ పింగ్ నాలుగు ప్యాకెట్లు పంపి ఆగుతుంది. ఒక్కోదాంట్లో 32 బైట్లు. అందులో ఉండేది ఇంగ్లిష్ అక్షరమాల: ఏ నుంచి డబ్ల్యూ దాకా 23 అక్షరాలు, మళ్లీ మొదలెట్టి ఐ దాకా 9. చివరి మూడు అక్షరాలకు ప్రయాణ యోగం లేదు.

నాలుగు పింగ్‌లతో తప్పు దొరికిపోతుంది

ఈ వరస గుర్తుంచుకుంటే చాలు. ముందు ఆ నల్ల తెరలో పింగ్ అని, పక్కన 127.0.0.1 అని టైప్ చేయండి. అది మీ కంప్యూటర్ తనను తాను పిలుచుకునే అడ్రస్, వైరు ఊడదీసినా పలుకుతుంది. పలకలేదంటే లోపం కంప్యూటర్ లోపలే. తర్వాత రౌటర్, చాలా ఇళ్లలో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. అక్కడ ఆగితే మీ వైఫై లేదా వైరు సంగతి చూసుకోండి, కంపెనీవాళ్లకు ఫోన్ చేసి లాభం లేదు. మూడోది 8.8.8.8, 2009లో గూగుల్ అందరికీ ఉచితంగా పెట్టిన డీఎన్ఎస్ సర్వర్. రౌటర్ పలికి ఇది పలకకపోతే తప్పు చాలావరకు బయటి లైన్‌దే. చివరికి ఏదైనా సైటు పేరుతో పింగ్ చేయండి. అంకె పలికి, ఆ పేరే దొరకలేదని వచ్చిందా? లైన్ బాగానే ఉంది, పేరును అంకెగా మార్చే డీఎన్ఎస్ దగ్గర వచ్చింది చిక్కు. అప్పుడు రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ అడ్రస్ ఒక్కటి మార్చడంతోనే పని అయిపోవచ్చు.

ఇంకోటి. మీ కంప్యూటర్ అడ్రస్ 169.254తో మొదలవుతుంటే, రౌటర్ దగ్గర అడ్రస్ దొరక్క అది తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. దాంతో బయటికి వెళ్లలేదు.

సున్నా నష్టం అన్నా నమ్మకూడని వేళ

"రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అంటే ఎవరూ పలకలేదు. "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అంటే దారి లేదని ఎవరో పలికి మరీ చెప్పారు. ఆ చెప్పింది ఒక్కోసారి మీ కంప్యూటరే. కానీ విండోస్ పింగ్ ఆ మాటను కూడా వచ్చిన జవాబుగానే లెక్కేస్తుంది. కింద లెక్క చూస్తే నాలుగు పంపాం, నాలుగు వచ్చాయి, నష్టం సున్నా శాతం అని ఉంటుంది. అసలు ప్యాకెట్ గుమ్మం కూడా దాటి ఉండదు! కాబట్టి కింది లెక్క ఒక్కటే కాదు, పై లైన్లూ చదవాలి. దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. కొన్ని సర్వర్లు నిక్షేపంగా పనిచేస్తూనే పింగ్‌కి పలకవు, భద్రత కోసం దాన్ని అడ్డుకుంటాయి. పింగ్‌కి పలకనంత మాత్రాన సర్వర్ పడిపోయిందని తేల్చేయకండి.

వెలుతురుకీ టైం పడుతుంది

గుంటూరులో అమ్మ "తిన్నావా నాన్నా" అంటే, డల్లాస్‌లో కొడుకు జవాబు అర క్షణం ఆలస్యంగా వస్తుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. కారణం నెట్ స్లో అవడం కాదు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అక్కడికి ఉన్నది 14 వేల కిలోమీటర్ల పైమాటే. పింగ్ పోయి రావడానికి తీగ తిన్నగా ఉన్నా 140 మిల్లీసెకన్లు తప్పవు, కేబుళ్లు సముద్రాల్లో మెలికలు తిరుగుతాయి కాబట్టి 200 దాటడం మామూలే. ఎక్కువ స్పీడు ప్లాన్ కొనుక్కున్నా ఇది తగ్గదు. స్పీడు వేరు, దూరం వేరు. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహం ద్వారా అయితే కబురు పైకి, కిందికి, జవాబు మళ్లీ పైకి, కిందికి. ఆ నాలుగు అంగలకే దాదాపు అర సెకను అవుతుంది.

దారి చూపించే ట్రేస్‌రూట్

నన్నడిగితే ఈ పనిముట్లన్నిట్లోకీ తెలివైంది ఇదే. ప్రతి ప్యాకెట్‌కీ టీటీఎల్ అని ఒక ఆయువు అంకె ఉంటుంది. ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. సున్నాకి చేరగానే ఆ రౌటర్ ప్యాకెట్‌ను పారేసి, "మీది నా దగ్గర ఆగిపోయింది" అని పంపినవాళ్లకు కబురు పెడుతుంది. దారి తప్పిన ప్యాకెట్లు నెట్‌వర్క్‌లో కలకాలం తిరగకుండా పెట్టిన ఏర్పాటు ఇది.

స్టీవ్ డీరింగ్ ఇచ్చిన సలహాతో, 1987లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో వాన్ జాకబ్సన్ దీన్నే దారి కనుక్కోవడానికి వాడాడు. ఆయువు 1 పెట్టి ప్యాకెట్ పంపితే మొదటి రౌటర్ దగ్గర పోతుంది, దాని అడ్రస్ తెలుస్తుంది. 2 పెడితే రెండోది. అలా ఒక్కొక్క మజిలీ తన పేరు తానే చెప్పుకుంటుంది. విండోస్‌లో దీని పేరు ట్రేసర్ట్, 30 మజిలీల దాకా వెతుకుతుంది. మధ్యలో నక్షత్రం గుర్తులొస్తే కంగారు పడొద్దు. ఆ రౌటర్ జవాబివ్వడం ఇష్టపడలేదంతే. దాని తర్వాతివి పలుకుతున్నాయంటే దారి బాగున్నట్టే.

ఈ జాకబ్సన్ అంతకు ముందే నెట్‌వర్క్‌లో ఒక విపత్తును చూశాడు. 1986 అక్టోబరులో ఆయన ల్యాబ్‌కీ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య సెకనుకు 32 వేల బిట్ల చొప్పున నడిచే లింకు 40 బిట్లకు పడిపోయింది. అంటే సెకనుకు అయిదు అక్షరాలు. ఆ రెండు చోట్లకూ దూరం 400 గజాలు! ప్యాకెట్ పోయిందనుకుని ప్రతి కంప్యూటరూ మళ్లీ మళ్లీ పంపడంతో దారంతా కిక్కిరిసిపోయింది. రద్దీ కనిపిస్తే తగ్గి, నెమ్మదిగా పెంచుకుంటూ పోయే పద్ధతిని ఆయన తెచ్చాడు. ఈ రోజు కోట్ల మంది ఒకేసారి క్రికెట్ చూడగలుగుతున్నారంటే దాని వెనక ఆ పని ఉంది.

పేరు మార్చుకున్న వైర్‌షార్క్

పింగ్ తలుపు కొట్టి చూస్తే, వైర్‌షార్క్ ప్యాకెట్‌ను విప్పి చదివి పెడుతుంది. ఇదీ ఉచితమే, కాకపోతే ఇన్‌స్టాల్ చేసుకోవాలి. జెరాల్డ్ కాంబ్స్ 1998లో ఈథీరియల్ పేరుతో విడుదల చేశాడు. 2006లో ఉద్యోగం మారితే పాత పేరు మీద హక్కు తనతో రాలేదు, కొత్త పేరు పెట్టాల్సి వచ్చింది.

పావురాల మీద పింగ్

1990 ఏప్రిల్ 1న, ప్యాకెట్లను పావురాల కాళ్లకు కట్టి పంపే విధానాన్ని సరదాగా ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలా రాసి విడుదల చేశారు. 2001లో నార్వేలోని బెర్గెన్‌లో లినక్స్ అభిమానులు దాన్ని నిజంగానే చేసి చూశారు. తొమ్మిది పింగ్‌లు పంపితే నాలుగింటికి జవాబులొచ్చాయి. నష్టం 55 శాతం. అన్నిట్లోకీ త్వరగా వచ్చిన జవాబుకే 53 నిమిషాలు పట్టింది.

చెవితో కూడా తప్పు పట్టొచ్చు

ఒకచోట ఒక ఇంజనీరు, ఉండుండి తెగిపోయే కేబుల్‌ను వెతకడానికి, జవాబు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ "పింగ్" అని గట్టిగా పలికేలా చేసి, దాన్ని స్టీరియోకి తగిలించాడు. తర్వాత భవనమంతా తిరుగుతూ ఒక్కో కనెక్టర్‌ను కదిపి చూశాడు. ఏది కదిపినప్పుడు గొంతు ఆగిందో అదే దొంగ.

మా ఇంట్లో రెండు నెలలు సాయంత్రాలు నెట్ పోతుండేది. రౌటర్ ఆపి ఆన్ చేస్తే వచ్చేది, మళ్లీ పోయేది. ఒకరోజు రౌటర్ అడ్రస్‌కి మైనస్ టి పెట్టి ఆగకుండా పింగ్ నడిపించాను. లైన్లు ఒక మిల్లీసెకను, ఒక మిల్లీసెకను అంటూ వరసగా దిగుతున్నాయి. మా అమ్మాయిని వైరు పట్టుకుని మెల్లగా కదపమన్నాను. టేబుల్ దగ్గర ఏమీ కాలేదు. తలుపు వారన కదిపింది, ఏమీ కాలేదు. రౌటర్ వెనక జాక్‌ని వేలితో తాకగానే తెర మీద "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్". వేలు తీస్తే మళ్లీ ఒక మిల్లీసెకను. జాక్ బయటికి తీసి చూస్తే, క్లిక్‌మని పట్టుకునే ఆ చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగిపోయి ఉంది. సాయంత్రం పక్క కిటికీ తీసినప్పుడల్లా రెక్క తగిలి అది వెంట్రుక వాసి వెనక్కి జరుగుతోంది. మర్నాడు కేబుల్ అబ్బాయి వచ్చి, పాత కొస కత్తిరించి, ఎనిమిది రంగుల తీగలు వరసలో పేర్చి, కొత్త జాక్ క్రింప్ చేసి వెళ్లాడు. ఆ రాత్రి పడుకునేదాకా పింగ్ నడుస్తూనే ఉంది, ఒక్క లైనూ తప్పలేదు.