బడి నర్సుకు పై చదువు ఎందుకు?

బడిలో నర్సంటే దెబ్బకు కట్టుకట్టి, జ్వరానికి గోలీ ఇచ్చే మనిషని మన దగ్గర చాలామంది అనుకుంటారు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఈ పనికి బి.ఎస్సీ. నర్సింగ్ చాలదు, పై చదువు కూడా కావాలంటాయి. ఆ మాత్రం పనికి అంత చదువెందుకు? జవాబు ఆ వృత్తి పుట్టుకలోనే ఉందని మేము భావిస్తున్నాం.

1902 నాటికి న్యూయార్క్ బడుల్లో డాక్టర్లు పిల్లల్ని పరీక్షించి, గజ్జి, తామర, పేలు, కంటిజబ్బు ఉన్నవాళ్లను ఇంటికి పంపేసేవారు. జబ్బు కనిపెట్టేవాళ్లున్నారు, నయం చేసేవాళ్లు లేరు. ఎక్కువగా వెలిపడింది బీద వలస కూలీల పిల్లలే. లిలియన్ వాల్డ్ పూనికతో ఆ అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బడుల్లో నెలరోజుల ప్రయోగంగా పెట్టారు. ఆమె బడిలోనే మందు పూసింది, ఇళ్లకుపోయి తల్లులకు నేర్పింది. నగరం మరికొందరు నర్సుల్ని తీసుకుంది. 1902 సెప్టెంబరులో 10,567 మందిని ఇంటికి పంపితే, 1903 సెప్టెంబరులో పంపింది 1,101 మందినే.

అంటే బడి నర్సు అసలు పని పిల్లను బడిలో నిలబెట్టడం. ఉబ్బసం, ఫిట్స్, షుగరు, వైకల్యం, మనసులోని దిగులు - అన్నీ ఆమె ముందుకే వస్తాయి. పక్కన డాక్టరుండడు. నిర్ణయం ఆమెదే. అందుకే కాలిఫోర్నియాలో డిగ్రీ, రిజిస్ట్రేషన్ ఉన్న నర్సుకు ముందు తాత్కాలిక అర్హతే ఇస్తారు. అయిదేళ్లలోపు విశ్వవిద్యాలయంలో డిగ్రీ తర్వాతి శిక్షణ పూర్తిచేస్తేనే పూర్తి అర్హత. వినికిడి పరీక్షలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు, బడి చట్టాలు, ఆరోగ్య బోధన అందులో నేర్చుకుంటారు.

మరి మన సంగతి? బడి ఆరోగ్యంపై రేణుకా రే కమిటీ 1961లోనే నివేదిక ఇచ్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందం బడికి ఏడాదికోసారి రావాలి. తక్కిన రోజుల మాటేమిటి? సంక్షేమ హాస్టల్లో అర్ధరాత్రి పిల్లకు ఫిట్స్ వస్తే ఏంచేయాలో తేల్చేదెవరు? ఆ హాస్టళ్లలో ఉండేది మన పిల్లలే. మన ఎం.ఎస్సీ. నర్సింగ్‌లో బడి నర్సింగ్ ప్రత్యేక శాఖ కాదు. కమ్యూనిటీ హెల్త్‌లో ఒక భాగం, అంతే.

ఇందులో కులం కూడా ఉంది. మలమూత్రాలు ముట్టే పనని అగ్రవర్ణాలు నర్సు వృత్తిని చాలాకాలం దూరం పెట్టాయి. ఆంధ్రలో మిషన్ ఆసుపత్రుల ద్వారా ఎందరో దళిత క్రైస్తవ స్త్రీలు ఆ పనిని భుజానికెత్తుకున్నారు. చాకిరీ చేసినవాళ్ల కూతుళ్లు ఏ.ఎన్.ఎం. దగ్గరే ఆగిపోవాలా? జీతంతో కూడిన చదువు సెలవు, ఫీజు మాఫీ, చదివాక హాస్టళ్లలో శాశ్వత పోస్టులు - ఈ మూడూ కలిపి అడగాలి. పోస్టు లేని చదువు కాగితమే. చదువు లేని పోస్టు మన పిల్లలకు ఇంకో గోలీల డబ్బా మాత్రమే.