మీకు తెలుసా? అమెరికా అధ్యక్షుడికి మద్రాసు ఉత్తరం

● మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగుతూ అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ 1917 ఏప్రిల్ 2న ఒక మాట చెప్పారు. ప్రజాస్వామ్యానికి ముప్పులేని ప్రపంచం కోసమే తమ పోరాటమన్నారు.

● మరి భారతదేశం మాటేమిటని జూన్ 24న ఆయనకే ఉత్తరం రాశారు, మద్రాసు హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఎస్.సుబ్రహ్మణ్య అయ్యర్. స్వపరిపాలనకు హామీ ఇస్తే 3 నెలల్లో 50 లక్షల మంది యుద్ధానికి కదులుతారన్నారు. తపాలాలో వేస్తే సెన్సారు కంట పడుతుందని, ప్రయాణికుల చేతికిచ్చి పంపారు.

● అప్పటికి ఆ స్వపరిపాలన కోసమే పోరాడుతున్న హోంరూల్ ఉద్యమ నాయకురాలు అనిబిసెంట్ నిర్బంధంలో ఉన్నారు. 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజ కళాశాలను స్థాపించింది ఈమే. విడుదలయ్యాక 1917 డిసెంబరులో కాంగ్రెస్ తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు.

● ఉత్తరం సంగతి బయటికి పొక్కి పాలకులు మండిపడ్డారు. అయ్యర్ వెనక్కి తగ్గలేదు. 1918లో 'సర్', 'దివాన్ బహదూర్' బిరుదులు రెండింటినీ వదులుకున్నారు.

● యుద్ధం ముగిశాక పారిస్‌లో శాంతి సదస్సు సాగుతున్న 1919 ఫిబ్రవరిలోనే రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెకు వచ్చారు. 'జనగణమన'కు ఆయన ఆంగ్లానువాదం పూర్తయింది అనిబిసెంట్ స్థాపించిన ఆ కళాశాలలోనే.