ఊరు దాటి ఆడాలంటే...

చదువుకు అమెరికా, ఉద్యోగానికి గల్ఫ్... విదేశాలకు వెళ్లినవాళ్లు లేని ఊరు గోదావరి జిల్లాల్లో అరుదు. మరి పేరున్న ఆటగాళ్లు పరాయి దేశం జట్టు నుంచి పిలుపొస్తే ఎందుకంత ఆలోచిస్తారు? కాకినాడలో పుట్టిన క్రికెటర్ హనుమ విహారి అనుభవం చూస్తే చాలావరకూ అర్థమవుతుంది.

2021 జనవరి, సిడ్నీ టెస్టు. తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలో విహారి 161 బంతులు ఆడి 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. అశ్విన్‌తో కలిసి ఓడిపోయే మ్యాచ్‌ను డ్రా చేశాడు. దేశమంతా మెచ్చుకుంది. కానీ ఆ తర్వాతి నెలలో జరిగిన ఐపీఎల్ వేలంలో ఏ జట్టూ అతణ్ని కొనలేదు. సహచరులంతా ఐపీఎల్ ఆడుతుంటే విహారి ఇంగ్లండ్ వెళ్లి వార్విక్‌షైర్ కౌంటీ జట్టులో చేరాడు.

చలిలో తొలి పరీక్ష

ఏప్రిల్ అంటే మనకు ఎండ, ఉక్కపోత. ఇంగ్లండ్‌లో మాత్రం స్వెట్టర్ వేసుకుని ఆడాల్సిన రోజులు. పిచ్ మీద తేమ, గాల్లో స్వింగ్ అయ్యే బంతి. నాటింగ్‌హామ్‌లో తొలి మ్యాచ్‌లోనే ఎదురుగా స్టువర్ట్ బ్రాడ్! 23 బంతులాడిన విహారి ఒక్క పరుగూ చేయకుండానే వెనుదిరిగాడు. ఆడిన మూడు మ్యాచ్‌ల్లో చేసింది వంద పరుగులే.

సొంతగడ్డ మీద కుర్రాడు రెండు మ్యాచ్‌ల్లో విఫలమైతే ‘కుదురుకుంటాడులే’ అంటారు. విదేశీ ఆటగాడికి ఆ వెసులుబాటు తక్కువ. కౌంటీ మ్యాచ్‌లో ఇద్దరు విదేశీయులకే చోటు. అందుకే వచ్చినవాడు మొదటిరోజు నుంచే రాణించాలని జట్టు ఆశిస్తుంది. అలవాటు పడేలోపే ఒప్పందం అయిపోతుంది. అక్కడి అంకెలను ఇక్కడి సెలెక్టర్లు చూస్తూనే ఉంటారు. బాగా ఆడితే సరే, లేకపోతే వెళ్లకుండా ఉండాల్సిందనే మాట తప్పదు.

మనసంతా ఇక్కడే!

దూరం బాధ వేరు. సరిగ్గా అదే సమయంలో మన దగ్గర కరోనా రెండో వేవ్ విరుచుకుపడింది. ఆసుపత్రుల్లో పడకల్లేవు, ఆక్సిజన్ లేదు. విహారి ఇంగ్లండ్‌లో ఉంటూనే ట్విటర్ ద్వారా దాదాపు వందమంది వాలంటీర్లను కూడగట్టాడు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలకు చెందిన ఆ బృందంతో ప్లాస్మా, ఆక్సిజన్, పడకలు కావాల్సినవారికి సాయం అందేలా చూశాడు. పగలు క్రీజులో, మిగతా సమయం ఫోన్‌లో. పన్నెండేళ్లకే తండ్రిని పోగొట్టుకుని తల్లి పెంపకంలో ఎదిగిన అతడికి కష్టంలో ఇంటికి దూరంగా ఉండటమంటే ఏమిటో ఒకరు చెప్పాలా!

అనుమతి ఇచ్చేదెవరు?

ఆటగాడు సరేనన్నా సరిపోదు. బీసీసీఐ నిరభ్యంతర పత్రం ఉండాలి. కౌంటీలకు అనుమతి దొరుకుతుంది కానీ విదేశీ టీ20 లీగ్‌లలో ఆడాలంటే పురుష క్రికెటర్లు ఐపీఎల్‌తో సహా భారత క్రికెట్‌కు పూర్తిగా వీడ్కోలు చెప్పాల్సిందే. గుంటూరు బిడ్డ అంబటి రాయుడు 2023లో ఐపీఎల్ వదిలేశాకే కరీబియన్ లీగ్‌లో సెయింట్ కిట్స్ జట్టుకు ఆడగలిగాడు. అంటే అక్కడ ఆడాలంటే ఇక్కడి దారి మూసుకోవాలన్నమాట. మహిళలకు ఈ ఇబ్బంది లేదు. హర్మన్‌ప్రీత్ కౌర్, స్మృతి మంధాన 2016లోనే ఆస్ట్రేలియా బిగ్‌బాష్‌లో ఆడారు.

వెళ్లి గెలిచినవాళ్లూ ఉన్నారు

హైదరాబాద్ నుంచి వెళ్లిన అజహరుద్దీన్ 1991లో డెర్బీషైర్ తరఫున ఆ సీజన్‌లో రెండువేలకు పైగా పరుగులు చేశాడు. వి.వి.ఎస్.లక్ష్మణ్ లాంకషైర్‌కు ఆడాడు. 2022లో టెస్టు జట్టులో చోటు పోయిన పుజారా ససెక్స్‌కు వెళ్లి ఏడువందలకు పైగా పరుగులు సాధించి తిరిగి భారత జట్టులోకి వచ్చాడు.

పుజారా అలా తిరిగొచ్చి ఆడిన 2022 జులై టెస్టు ఎడ్జ్‌బాస్టన్‌లో జరిగింది. అది వార్విక్‌షైర్ సొంత మైదానం. ఆ మ్యాచ్‌లో విహారి కూడా ఉన్నాడు. 20, 11 పరుగులు చేశాడు. ఆ తర్వాత అతడికి మళ్లీ టెస్టు ఆడే అవకాశం రాలేదు. కౌంటీ అనుభవం ఒకరికి దారి తెరిచింది, మరొకరికి అంతగా కలిసిరాలేదు. ఇద్దరూ వెళ్లేముందు ఫలితం ఎలా ఉంటుందో తెలియకుండానే విమానం ఎక్కారు.

అందుకే పిల్లల్ని ఆటల్లో పెట్టిన అమ్మానాన్నలు ఒకటి గుర్తుంచుకోవాలి. రేపు మీ అబ్బాయికో అమ్మాయికో విదేశీ జట్టు నుంచి పిలుపొస్తే డబ్బెంత అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. అనుమతి ఎవరివ్వాలి, గాయమైతే ఎవరు చూసుకుంటారు, తిరిగొచ్చేసరికి ఇక్కడ చోటు ఉంటుందా... ఈ మూడూ ముందే తేల్చుకోవాలి. వీటికి సరైన జవాబులు దొరికితే, ఆపై భయపడాల్సింది చలికే. దానికి ఓ స్వెట్టర్ చాలు!