నల్లకోటు వెనక నంబరు

మేడ్చల్, శామీర్‌పేట వైపు ప్లాటు కొన్నవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర్లో ఓ చిన్న షట్టరు. లోపల కంప్యూటరు, ప్రింటరు, వేలిముద్రల ప్యాడు, గోడకు దేవుడి క్యాలెండరు. టైపు కొడుతున్న మనిషి తల ఎత్తకుండానే అడుగుతాడు: ‘‘లింకు డాక్యుమెంట్లు తెచ్చినవా? ఈసీ తీసినవా? ఆధార్, పాన్ ఇయ్యి.’’ పాత సేల్‌డీడ్ ఫైలు తెరిచి పేర్లు, హద్దులు, సర్వే నంబరు మార్చి కాసేపట్లో కొత్త దస్తావేజు చేతిలో పెడతాడు. సంతకం చేసే ముందు కొనేవాడు గొంతు తగ్గించి ఒక్క మాట అడుగుతాడు.

‘‘అన్నా, టైటిల్ క్లియరే గదా?’’

‘‘అంతా క్లియరే. పరేషాన్ గాకు.’’

బతుకంతా కూడబెట్టిన సొమ్ము పెడుతున్న మనిషి అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడమంటే న్యాయ సలహా ఇవ్వడమే. చెప్పినాయనకు ఆ అర్హత ఉందా అన్నది అడిగినవాడికి తెలియదు. రేపు ఆ మాట తప్పని తేలితే ఎవరి దగ్గరికి పోవాలో అసలే తెలియదు.

ఇదే శామీర్‌పేటలో, రాజీవ్ రహదారి మీదుగా వెళ్లేవాళ్లు బోర్డు చూసే ఉంటారు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టంతో పుట్టిన సంస్థ. ప్రాంగణానికి ‘జస్టిస్ సిటీ’ అని పేరు. రాష్ట్ర హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి దానికి చాన్స్‌లర్. క్లాట్ ప్రవేశ పరీక్ష రాసి దేశం నలుమూలల నుంచి పిల్లలు ఇక్కడికి వచ్చి అయిదేళ్లు చట్టం చదువుతారు. అంత చదివి పట్టా పుచ్చుకుని బయటికి వచ్చినా, మర్నాడే మేడ్చల్ కోర్టులో ఒక కక్షిదారు తరఫున నిలబడి వాదించే హక్కు వాళ్లకు రాదు. పట్టా వేరు, అనుమతి వేరు.

ఆ అనుమతి సంగతంతా 1961 నాటి న్యాయవాదుల చట్టంలో ఉంది. అంతకుముందు వకీళ్లు, ప్లీడర్లు, ముక్త్యార్లు, అటార్నీలు అని రకరకాల తరగతులుండేవి. కోస్తాలో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘ప్లీడరు గారు’ అంటారు, తెలంగాణలో ‘వకీల్ సాబ్’ అంటారు. మాటలు నిలిచాయి కానీ తరగతులు పోయాయి. బొంబాయి, కలకత్తా హైకోర్టుల్లో మిగిలిన సొలిసిటర్ల వ్యవస్థకు కూడా 1976 సవరణతో చట్టపరంగా తెరపడింది. ఇప్పుడు చట్టం గుర్తించే వర్గం ఒక్కటే: అడ్వకేటు.

అడ్వకేటు కావాలంటే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చోట న్యాయశాస్త్రం చదివి ఉండాలి, 21 ఏళ్లు నిండాలి. రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. తెలంగాణలో ఆ రిజిస్టరు నిర్వహించేది తెలంగాణ బార్ కౌన్సిల్. నమోదయ్యాక ఒక నంబరు వస్తుంది: రాష్ట్రం పేరు పొడి అక్షరాల్లో, వరుస సంఖ్య, సంవత్సరం. దాంతోపాటు అఖిల భారత బార్ పరీక్ష. 100 బహుళైచ్ఛిక ప్రశ్నలు, తెలుగులోనూ రాయొచ్చు, చట్టాల మూల ప్రతులు దగ్గర పెట్టుకోవచ్చు. 2011లో మొదలైన ఈ పరీక్ష చెల్లుతుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఇది గట్టెక్కితేనే ప్రాక్టీసు సర్టిఫికెట్.

నమోదు రుసుము చట్టంలో రాసింది మొత్తం 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. కానీ చాలా రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు ఆ ఫండు, ఈ ఫండు అని వేలకు వేలు వసూలు చేస్తూ వచ్చాయి. కూలి చేసి కొడుకునో కూతురినో లా చదివించిన ఇంటికి ఆ మొత్తం ఎంత బరువో ఆలోచించాలి. చట్టం చెప్పినదానికి మించి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నల్లకోటు డబ్బున్న ఇళ్ల పిల్లలకే పరిమితం కాకుండా చూసిన మంచి తీర్పు అది.

నంబరు లేకుండా కోర్టులో వకీలుగా చెలామణీ అయితే ఆరు నెలల దాకా జైలు. అయినా నకిలీలు ఉన్నారు. దొంగ సర్టిఫికెట్లతో చేరినవాళ్ల సమస్య ఎంత ముదిరిందంటే, దేశమంతటా న్యాయవాదుల పట్టాలు తనిఖీ చేయించడానికి 2023లో సుప్రీంకోర్టే ఒక విశ్రాంత న్యాయమూర్తి సారథ్యంలో కమిటీ వేయాల్సి వచ్చింది. కోటు ఎవరైనా కుట్టించుకోవచ్చు. నంబరుకు మాత్రం రిజిస్టరులో ఆధారం ఉండాలి. వకాల్తా కాగితం మీద సంతకం చేసేటప్పుడు కక్షిదారు కళ్లు ముందు వెతకాల్సింది ఆ నంబరునే. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో న్యాయవాది పేరుతోగానీ, ఆ నంబరుతోగానీ వెతికితే ఆయన నడుపుతున్న కేసులు కనబడతాయి. ఫోనులోనే చూసుకోవచ్చు.

మళ్లీ ఆ షట్టరు దగ్గరికి వద్దాం. సలహా ఇవ్వడం, పత్రాలు తయారు చేయడం కూడా న్యాయవాద వృత్తిలో భాగమేనని 2018లో విదేశీ లా కంపెనీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మన దగ్గర దస్తావేజు లేఖరి పని తరాలుగా వాడుకలో పాతుకుపోయింది. అక్షరం రాని రైతుకు ఒకప్పుడు ఆయనే దిక్కు. ఆ సేవను తీసిపారేయలేం. ఆయన కాగితం రాస్తాడు, స్లాటు బుక్ చేస్తాడు. హక్కు ఎవరిదో తేల్చడం ఆయన పని కాదు. సబ్ రిజిస్ట్రార్ పనీ కాదు. రిజిస్ట్రేషన్ అయిందంటే అమ్మినవాడికి ఆ భూమి మీద హక్కుందని ప్రభుత్వం పూచీపడినట్టు కాదు. ఈ ఒక్క సంగతి తెలియక మునిగిన కుటుంబాలు నగర శివార్లలో ఎన్నో.

నోటరీ విషయంలోనూ అదే పొరపాటు. 1952 చట్టం కింద ప్రభుత్వం నియమించే నోటరీ సాధారణంగా పదేళ్లు ప్రాక్టీసు చేసిన న్యాయవాదే. ఎర్ర సీలు, వరుస నంబరు, రిజిస్టరులో సంతకం చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. ఆ సీలు చెప్పేది ఒక్కటే, ఫలానా మనిషి తన ఎదుట సంతకం పెట్టాడని. నూరు రూపాయలు, ఆ పైన విలువ చేసే స్థిరాస్తి చేతులు మారాలంటే రిజిస్టరైన దస్తావేజు ఉండాల్సిందే. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కాగితాలతో అమ్మితే హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు ఖండితంగా చెప్పింది. అయినా నోటరీ కాగితం మీదే ఇల్లు కట్టుకున్నవాళ్లు హైదరాబాద్ చుట్టూ ఇంకా ఉన్నారు.

ఇంకో మనిషి ఉంటాడు. ఆఫీసు గేటు దగ్గరే పలకరించి, ‘మన వకీల్ సాబ్ ఉన్నడు, పని అయితది’ అని భుజం మీద చెయ్యి వేస్తాడు. కేసు తెచ్చినందుకు కమీషన్ తీసుకునే ఇలాంటి దళారుల మీద 1879 నాటి చట్టంలోనే నిబంధనలుండేవి. కోర్టులు, రెవెన్యూ ఆఫీసులే కాదు, రైల్వే స్టేషన్ల దగ్గర తిరిగేవాళ్లను కూడా ఆ చట్టం లెక్కలోకి తీసుకుంది. 2023లో పార్లమెంటు ఆ పాత చట్టాన్ని రద్దుచేసి, దళారుల నిబంధనను న్యాయవాదుల చట్టంలోకి తెచ్చింది. హైకోర్టుతోపాటు జిల్లా జడ్జి, కలెక్టరు కూడా విచారించి దళారుల జాబితా ప్రకటించవచ్చు. జాబితాకెక్కాక కూడా దళారీపని చేస్తే మూడు నెలల దాకా జైలు, 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంతాయిపల్లిలో కలెక్టరేటు కట్టుకున్న ఈ మేడ్చల్ జిల్లాలో భూముల ధరలు చూస్తే, ఇలాంటి జాబితా అవసరం ఇక్కడ ఎంతైనా ఉంది.

అసలైన న్యాయవాదికి కూడా కట్టుబాట్లు చాలా ఉన్నాయి. ప్రకటనలు ఇవ్వకూడదు. తాను స్వయంగా వ్యాపారం నడపకూడదు. అంటే ప్లాట్లు అమ్మే వ్యాపారం చేస్తూ, ఆ ప్లాట్లకే లీగల్ ఒపీనియన్ రాసిచ్చే మనిషి నిబంధన దాటినట్టే. ‘కేసు గెలిస్తే ఇన్ని గజాలు నాకు’ అని ఒప్పందం రాయించుకోవడమూ తప్పే. ఫీజు గెలుపోటములతో ముడిపడకూడదు.

ఈ చివరి మాట మీద తెలంగాణ నుంచే ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1998లో రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఒక మహిళ పరిహారం కోసం వకీలును పెట్టుకుంది. 10 లక్షల రూపాయలు ఫీజుగా ఇచ్చింది. చాలదు, వచ్చిన పరిహారంలో ఇంత శాతం నాది అంటూ ఆయన ఇంకో 10 లక్షలకు చెక్కు రాయించుకుని, అది చెల్లకపోతే ఆమె మీదే చెక్ బౌన్స్ కేసు వేశాడు. 2017 డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. పరిహారంలో వాటా అడగడం ప్రజాహితానికి విరుద్ధమని, వృత్తి ధర్మం తప్పడమని చెప్పింది. కక్షిదారుల నిస్సహాయతను వాడుకోకుండా వృత్తిని క్రమబద్ధం చేయడానికి తగిన చట్టం గురించి ఆలోచించమని ప్రభుత్వానికి సూచించింది. భర్త పోయిన ఇల్లాలు పంతొమ్మిదేళ్ల తరవాత, తన తరఫున నిలబడాల్సిన వకీలు నుంచే తనను కాపాడమని దేశపు అత్యున్నత న్యాయస్థానం మెట్లెక్కాల్సి రావడం ఈ వృత్తికే తలవంపు.

వకీలు మోసం చేశాడనుకుంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. క్రమశిక్షణ కమిటీ మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, రిజిస్టరు నుంచి పేరే కొట్టేయవచ్చు. ఏడాదిలోగా తేల్చాలి, లేకపోతే ఫైలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్తుంది. ఆ పైన అప్పీలు సుప్రీంకోర్టుకే. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు తన దగ్గర బిగబట్టుకునే హక్కు కూడా వకీలుకు లేదని 2000లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

కానీ క్రమశిక్షణ కమిటీలో తీర్పు చెప్పేవాళ్లూ న్యాయవాదులే. పైగా న్యాయవాది సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తేల్చింది. నిర్లక్ష్యంతో కేసు పాడుచేస్తే నష్టపరిహారానికి మామూలు కోర్టుకే వెళ్లాలి. బ్రిటన్‌కు పిల్లల్ని పంపిన తెలుగు కుటుంబాలకు తేడా తెలుస్తుంది. ఇంగ్లండులో సొలిసిటర్లను నియంత్రించే సంస్థ వాళ్ల సంఘానికి దూరంగా స్వతంత్రంగా పనిచేస్తుంది. సేవ బాగాలేకపోతే లీగల్ అంబుడ్స్‌మన్ పరిహారం ఇప్పించగలడు. వీసా సలహా ఇవ్వాలన్నా అనుమతి ఉండాలి, లేకపోతే నేరం. మన దగ్గర ప్రవేశద్వారానికి తాళం గట్టిగానే ఉంది. లోపలికి వచ్చాక అడిగేవాళ్లే తక్కువ. బార్ కౌన్సిళ్ల క్రమశిక్షణ కమిటీల్లో వృత్తికి బయటివాళ్లకు చోటు ఇవ్వాల్సిన సమయం వచ్చింది.

వకీలును పెట్టుకునే స్తోమతే లేదనేవాళ్ల కోసం 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెడితే, నమోదైన న్యాయవాదినే ఉచితంగా నియమిస్తారు. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లు, ఆదాయ పరిమితికి లోబడిన పేదలు అర్హులు. ప్రతి లా కాలేజీ న్యాయ సహాయ కేంద్రం నడపాలని బార్ కౌన్సిల్ నిబంధన. శామీర్‌పేట, మేడ్చల్ ఇళ్లలో భూమి గొడవో, భర్త వేధింపో మోస్తూ ఎవరిని అడగాలో తెలియక ఆగిన ఆడవాళ్లు న్యాయ సహాయానికి ఈ ఫోన్ నంబరు రాసిపెట్టుకోవాలి: 15100. మహిళకు ఉచిత న్యాయ సహాయం అందడానికి ఆదాయ పరిమితి లేదు.