ముఖముపై మంగుమచ్చలు: ఓర్పే తొలి ఔషధము

కొంతకాలము క్రిందట ఒక గృహిణి చీరకొంగు ముఖమునకు అడ్డముగా కప్పుకొని మా వైద్యశాలకు వచ్చినారు. బుగ్గలపై మంగు కనిపించిన తొలిరోజులలో ఎవరో చెప్పగా అంగడిలో ఒక క్రీము కొని రాసుకొన్నారట. నెలలోనే మచ్చలు పలుచబడినవి. క్రీము మానిన వారమునకే ముఖము ఎర్రబడి, మంట పుట్టి, మచ్చలు మునుపటికంటె చిక్కబడినవి. మరల రాసినారు, మరల తగ్గినవి. ఇట్లు రెండేండ్లు గడచినవి. “డాక్టరుగారూ, ఇవి అసలు పోతాయా?” అని అడిగినారు. ఆమెకు చెప్పిన సమాధానమునే పాఠకులకు విన్నవించుచున్నాను.

మంగు అనగానేమి?

మంగును ఆయుర్వేదము ‘వ్యంగము’ అని పేర్కొన్నది. కోపము చేతను, అధికశ్రమ చేతను ప్రకోపించిన వాతము పిత్తముతో కూడి ముఖమును చేరి, నొప్పి లేని పలుచని నల్లమచ్చలను పుట్టించునని సుశ్రుతసంహిత నిదానస్థానము చెప్పుచున్నది. నేటి వైద్యులు దీనిని మెలాస్మా అందురు. చర్మమునకు రంగునిచ్చు మెలనిన్ అధికముగా తయారగుటచే ఇది కలుగును. ఎండ, గర్భధారణ, గర్భనిరోధక మాత్రలు, వంశపారంపర్యము దీనికి ముఖ్య ప్రేరకములు. గర్భిణులకు వచ్చిన మంగు ప్రసవానంతరము కొన్ని నెలలలో తనంతట తానే తగ్గుట కద్దు. మంగు మురికి కాదు. రుద్దినకొలది పెరుగును గాని తరుగదు.

మొదటి చికిత్స నీడయే

కారణమును తొలగించుటయే చికిత్సలలో మొదటిది. ఉదయము 10 గంటల నుండి సాయంత్రము 4 గంటల వరకు గొడుగు లేనిదే బయటికి పోరాదు. ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకొని, ఎండలో నుండునపుడు రెండు గంటలకొకసారి మరల రాయవలెను. ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మంగునకు మరింత మేలు. మూలికల వైద్యుడు ఇది చెప్పుటేమని ఆశ్చర్యపడవలదు. ఎండ తగులుచుండగా ఏ లేపమును పనిచేయదు.

ఇంటిలో చేయదగిన లేపములు

1. మంజిష్ఠ వేరు చూర్ణమును తగినంత తేనెతో కలిపి మచ్చలపై పలుచగా పూయవలెను.

2. మసూరు పప్పును రాత్రి పాలలో నానబెట్టి, ఉదయము వెన్నవలె నూరి పూయవలెను. లభించినచో లేత మర్రిచిగుళ్ళను కూడ చేర్చి నూరవచ్చును.

3. రక్తచందనమును సానపై నీటితో అరగదీసి, ఆ గంధమును పూయవలెను.

వీనిలో ఏదైన ఒక్కదానినే ఎన్నుకొనవలెను. ముందుగా మోచేతి మడత యొద్ద కొంచెము పూసి ఒకదినము చూడవలెను. దురదగాని మంటగాని లేనిచో, వారమునకు మూడుసార్లు సాయంకాలమున ముఖమునకు పూసి, పూర్తిగా ఎండకమునుపే చల్లని నీటితో కడుగవలెను. కనీసము మూడునెలలు ఓర్పు వహింపవలెను. అందరికిని ఒకే గుణము కనిపించునని నేను చెప్పను.

నేను చేసిన పొరపాటు

వైద్యవృత్తిలో ప్రవేశించిన కొత్తలో ఒక తల్లికి నిమ్మరసము పూయుమని చెప్పితిని. ఆమె అది పూసుకొని డాబాపై వడియములు పెట్టుచు ఎండలో కూర్చుండెను. రెండు దినములలో ముఖము కమిలి, కొత్త మచ్చలు పడినవి. నిమ్మరసము ఎండతో కలిసినపుడు చర్మమును కాల్చును. “వంటింటిలో దొరకునదంతయు ముఖమునకు మంచిది కాదురా” అని మా గురువుగారు మందలించినారు. ఆ మాట నేటికిని మరువలేదు.

హెచ్చరిక

త్వరగా తెల్లబరచు క్రీములు పెక్కింటిలో స్టిరాయిడ్ ఉండును. దీర్ఘకాలము వాడినచో చర్మము పలుచబడి, ఎర్రని నరములు తేలి, అవాంఛిత రోమములు పెరుగును. ఇట్టి పలు లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వము నిర్దేశించినది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబరచు క్రీములు వాడిన కొందరి మూత్రపిండములు దెబ్బతినగా, ఆ క్రీములలో పాదరసము బయటపడినది. తయారీదారుని పేరు, పదార్థముల వివరము లేని డబ్బాను ఇంటిలోనికి రానీయవలదు.

ప్రతి నల్లమచ్చయు మంగు కాదు. మెడ వెనుకను, చంకలలోను చర్మము నల్లబడి మందముగా నున్నచో రక్తములో చక్కెర పరీక్ష చేయించుకొనవలెను. స్పర్శ తెలియని మచ్చ ఏ రంగులోనున్నను కుష్ఠు పరీక్ష అవసరము. పుట్టుమచ్చ పెరిగినను, రంగు మారినను, రక్తము కారినను జాగుచేయక చర్మవైద్యుని చూడవలెను.

ఆ గృహిణిని ముందుగా చర్మవైద్యుని యొద్దకు పంపి, ఆయన పర్యవేక్షణలోనే క్రీమును క్రమముగా మాన్పించితిమి. చర్మము శాంతించిన పిదప నీడయు, మంజిష్ఠయు. ఎనిమిది నెలలకు మచ్చలు సగమునకు పైగా పలుచబడినవి గాని పూర్తిగా పోలేదు. “ఇవి పోతాయా?” అన్న ప్రశ్నకు నిజమైన సమాధానమిదియే: తగ్గును, నిలుపుకొనవచ్చును, ఎండకు మరల రావచ్చును. కడపటిసారి వచ్చినపుడు ఆమె కొంగు భుజముపైననే ఉండెను.